పోతు బొప్పాయి కాసింది, నిజమే

"మా పెరట్లో పోతు బొప్పాయి కాయలు కాసిందండీ. దీనికి మీ హేతువాదులు ఏమంటారు?"

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ముప్ఫై ఏళ్ళు జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి, పైగా హేతువాద సంఘం సభ్యుణ్ణి. అందుకని చుట్టుపక్కల ఏ చెట్టుకి ఏం జరిగినా వార్త నా దగ్గరికే వస్తుంది. వేపచెట్టుకి పాలు కారినా నన్నే పిలుస్తారు, కొబ్బరికాయకి కళ్ళు ఎక్కువైనా నన్నే పిలుస్తారు. ఈసారి మా సంఘం నెలవారీ సమావేశానికి వచ్చిన ఒకాయన సెల్‌ఫోనులో ఫోటో కూడా చూపించాడు. పొడుగాటి కాడల చివర వేలాడుతున్న సన్నపాటి కాయలు. మామూలు బొప్పాయిలాగా మానుకి అతుక్కుని లేవు. మా సంఘంలో కొత్తగా చేరిన కుర్రవాడొకడు ఆ ఫోటో వైపు చూడనైనా చూడకుండా "అసంభవం. మగచెట్టు కాయదు. ఇదంతా కట్టుకథ" అని తేల్చేశాడు.

ఆ జవాబు నాకు నచ్చలేదు. పోతు బొప్పాయి కాయడం నిజం. ఆ ఫోటోలో ఉన్నది అచ్చంగా పోతు బొప్పాయి కాయే. కళ్ళారా చూసిన మనిషిని పట్టుకుని నువ్వు అబద్ధం ఆడుతున్నావు అంటే అతను మన మాట ఇక వింటాడా? అసలు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: "కాసింది సరే, ఎందుకు కాసిందని మీరు అనుకుంటున్నారు?" అడిగాను. మానులో ఇనుప మేకు కొట్టారట. కొట్టిన నాలుగు నెలలకి కాసిందట.

ఈ మేకు వైద్యం మా కడప జిల్లాలో చిన్నప్పటి నుంచీ వింటున్నాను. కొందరు మేకు కొడతారు. కొందరు మానుకి పాత చీపురో చెప్పో కడతారు. మా నాయనమ్మ కాలంలో ఒక చిన్న నాటకమే ఆడేవాళ్ళు. ఒకరు గొడ్డలి పట్టుకుని చెట్టు దగ్గరికి పోయి "నిన్ను నరికేస్తా" అని బెదిరించాలి, ఇంకొకరు అడ్డం పడి "ఈ ఒక్క ఏడాది చూడు, కాస్తుందిలే" అని చెట్టు తరఫున హామీ ఇవ్వాలి. అది చింతకీ పనసకీ కూడా పనికొచ్చే మంత్రం. చెట్టుకి సిగ్గు, భయం ఉంటాయని నమ్మకం. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ అదే ఆలోచన చెట్టు దగ్గర ఆగకుండా ఇంట్లోకి వచ్చినప్పుడు ముచ్చటగా ఉండదు. ఆ సంగతి తరవాత చెబుతాను.

ముందు చెట్ల సంగతి చూద్దాం. పూలమొక్కల్లో ఎక్కువ భాగానికి ఆడ, మగ అనే విభజనే లేదు. మందారపువ్వు మధ్యలో కేసరాలూ ఉంటాయి, అండకోశమూ ఉంటుంది. బీర, సొర, గుమ్మడి తీగల్లో ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు, తీగ మాత్రం ఒకటే. పిందె వెనకాల ఉన్న పువ్వేదో, వట్టి పువ్వేదో ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఒక చెట్టంతా ఆడ, ఒక చెట్టంతా మగ అయ్యే జాతులు తక్కువ. పూలమొక్కల్లో 100కి అయిదో ఆరో. అయినా సంఖ్యలో అవి 15,000 జాతులకి పైనే. మనకి బాగా తెలిసినవి తాటి, ఈత, ఆకాకర, దొండ, బొప్పాయి. వీటిని పాఠ్యపుస్తకంలో ఏకలింగాశ్రయులు అంటాం.

మొక్కలకి ఆడా మగా ఉంటాయని ప్రయోగం చేసి చూపించిన మొదటి మనిషి జర్మనీలోని ట్యూబింగెన్‌లో పనిచేసిన కమెరారియస్. 1694లో రాశాడు. ఆయన వాడిన మొక్కల్లో ఒకటి మన ఆముదం. ఆముదపు గెలలో మగపూలు విప్పారకముందే గిల్లేశాడు, గింజలు కట్టలేదు. ఇంతే ప్రయోగం. గిల్లినదాన్ని గిల్లనిదానితో పోల్చి చూశాడు. ఈ పోల్చి చూడడం అనే మాటని గుర్తుంచుకోండి, మేకు దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

ఇక బొప్పాయి. ఇది అమెరికా మొక్క. పోర్చుగీసువాళ్ళ రాకపోకల కాలంలో, 16వ శతాబ్దంలో మన దేశానికి చేరింది. కాబట్టి దీనిమీద మన ఆచారం ఏదైనా సరే సనాతనం అనడానికి వీల్లేదు! బొప్పాయిలో చెట్లు మూడు రకాలు. ఆడచెట్టు, మగచెట్టు, రెండూ ఒకే పువ్వులో ఉండే ద్విలింగ చెట్టు. బజారులో గుండ్రంగా కనిపించేది ఆడచెట్టు కాయ, పొడుగ్గా కనిపించేది ద్విలింగ చెట్టు కాయ. మగచెట్టుకి పొడుగాటి కాడల మీద గుత్తులుగా పూలు వేలాడతాయి.

ఈ మూడూ ఎలా వస్తాయో 1938లో ఇద్దరు విడివిడిగా లెక్క తేల్చారు. దక్షిణాఫ్రికాలో హాఫ్‌మైర్, హవాయిలో స్టోరీ. ఇప్పటి భాషలో చెప్పుకుందాం. ఆడచెట్టుకి రెండు ఎక్స్ క్రోమోజోములు. మగచెట్టుకి ఒక ఎక్స్, ఒక వై. ద్విలింగ చెట్టుకి ఒక ఎక్స్, దానితో వై లాంటిదే కొద్ది తేడా ఉన్న ఇంకొక వై. దాన్ని వై-హెచ్ అంటారు. మనుషుల్లాగే ఉందే అనిపిస్తుంది కదా? కానీ ఒక చిత్రం ఉంది. ఏ రెండు వైలు కలిసినా ఆ పిండం బతకదు. గింజ తయారయ్యే దశలోనే చనిపోతుంది. అందుకని ద్విలింగ చెట్టు పువ్వుని దాని పుప్పొడితోనే ఫలదీకరిస్తే మెండెల్ లెక్క ప్రకారం నాలుగు భాగాలు రావాలి. ఒక భాగం రెండు ఎక్స్‌లు, రెండు భాగాలు ఎక్స్ వై-హెచ్, ఒక భాగం రెండు వై-హెచ్‌లు. చివరి భాగం చచ్చిపోగా మిగిలేది ద్విలింగ చెట్లు రెండు, ఆడచెట్టు ఒకటి. రైతు తోటలో లెక్కపెట్టి చూసుకోవచ్చు, దాదాపు అలాగే ఉంటుంది. కనపడని పిండాల చావు కనపడే మొక్కల నిష్పత్తిలో తేలడం నాకు ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది. ఈ పాఠం చెప్పినప్పుడల్లా వెనక బెంచీవాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు.

సూక్ష్మదర్శినిలో చూస్తే బొప్పాయి ఎక్స్‌కీ వైకీ తేడా తెలియదు. 2004లో రే మింగ్ బృందం జన్యుపటం గీసి, ఆ క్రోమోజోములో సుమారు పదోవంతు మాత్రమే వై తరహా భాగమని చూపించింది. 2012లో ఆ భాగాన్ని చదివి చూస్తే ద్విలింగ చెట్టు వైలో అది 81 లక్షల అక్షరాలు, దానికి ఎదురుగా ఎక్స్‌లో 35 లక్షలు. ఈ రెండూ విడిపోయి సుమారు 70 లక్షల ఏళ్ళు. మన వై క్రోమోజోము వయసుతో పోలిస్తే పసిబిడ్డ. ఇంకా ఆసక్తికరమైనది, మగ వై నుంచి వై-హెచ్ విడిపోయింది సుమారు 4,000 ఏళ్ళ క్రితమేనని 2015లో తేలింది. అడవి బొప్పాయిలో ద్విలింగ చెట్లు కనపడవు. మధ్య అమెరికాలో మనుషులు సాగు చేస్తూ, కాయలు బాగున్న చెట్టుని ఏరుకుంటూ, తమకి తెలియకుండానే ఒక కొత్త లింగాన్ని నిలబెట్టారన్నమాట.

మరి మగచెట్టు ఎలా కాసింది?

మగ బొప్పాయిలో ఆడభాగం చేసే జన్యువులు లేకపోలేదు. అండకోశం తయారీకి కావలసిన సామగ్రి అంతా దాని దగ్గరా ఉంది. దాని వై ఆ పనిని ఆపి ఉంచుతుంది, అంతే. కొన్ని మగచెట్లలో ఋతువు మారినప్పుడు, వేడి చలి మారినప్పుడు ఆ ఆపు కాస్త సడలుతుంది. గుత్తి చివరి పూలలో అండకోశం పెరుగుతుంది, పిందె కడుతుంది. ఫోటోలో కాయలు పొడుగు కాడలకి వేలాడింది అందుకే. ఆడచెట్టుకి అలా వేలాడవు. ద్విలింగ చెట్టులో దీనికి తిరగబడ్డ సంగతి జరుగుతుంది. ఎండలు ముదిరితే అండకోశం కుంచించుకుపోయి పువ్వు మగపువ్వులా రాలిపోతుంది. వేసవిలో కాపు నిలవడం లేదని రైతులు మొత్తుకునేది చాలావరకు దీన్ని గురించే. ఆడచెట్టు మాత్రం ఎండకీ చలికీ చలించదు. దానికి వై లేదు, కాబట్టి సడలడానికి ఏమీ లేదు. ఎన్ని మేకులు కొట్టినా అది పుప్పొడి ఇవ్వదు.

"సరే, ఎలాగైతేనేం, మగది ఆడదయింది కదా" అన్నాడు ఫోటో తెచ్చినాయన. కాలేదు. ఇది మాట మీద తేలే వాదన కాదు, పరీక్షకి నిలిచే విషయం. ఆ కాయలో గింజలు తీసి నాటండి. చెట్టు నిజంగా ఆడదిగా మారిపోయి ఉంటే, రెండు ఎక్స్‌ల చెట్టుగా మారి ఉంటే, మగచెట్టు పుప్పొడితో కట్టిన గింజల్లో ఆడ సగం, మగ సగం రావాలి. మారకుండా ఎక్స్ వైగానే ఉండి ఉంటే రెండు వైల పిండాలు చచ్చిపోతాయి కాబట్టి మగ రెండు వంతులు, ఆడ ఒక వంతు రావాలి. కాసిన మగచెట్ల గింజలు నాటి చూసినవాళ్ళకి వచ్చింది రెండోదే. అంటే ఆ చెట్టు తల్లిగా కాయలు కాసింది గానీ దాని కణాల్లో ఉన్న లెక్క మారలేదు.

ఇలాంటి సడలింపు మొక్కల్లో ఇంత సులభంగా ఎలా జరుగుతుంది? మనిషికి లైంగిక అవయవాలు గర్భంలో ఒక్కసారే ఏర్పడతాయి. మొక్క అలా కాదు. బతికినంత కాలం ప్రతి కణుపు దగ్గరా కొత్త మొగ్గ తొడుగుతుంది. ప్రతి మొగ్గలోనూ కేసరాలు పెంచాలా, అండకోశం పెంచాలా అన్న ఆ నిర్ణయం మళ్ళీ జరుగుతుంది. వేలసార్లు జరిగే పనిలో వాతావరణం వేలుపెట్టే అవకాశం కూడా వేలసార్లు ఉంటుంది.

పైగా ఈ నిర్ణయానికి మొక్కలన్నిటికీ ఒకే పద్ధతి లేదు. ఏకలింగాశ్రయత పూలమొక్కల్లో ఒక్కసారి పుట్టి పంచుకున్నది కాదు, వందలసార్లు విడివిడిగా పుట్టింది. అందుకే ఇల్లిల్లూ తిరిగి చూస్తే ఏ ఇంటి వంట ఆ ఇంటిదే. మన దొండతీగలో మగతీగకి ఒక బ్రహ్మాండమైన వై ఉంటుంది. మిగతా క్రోమోజోముల పక్కన సూక్ష్మదర్శినిలో కొట్టొచ్చినట్టు కనపడుతుంది. 1940ల నుంచి దీన్ని చూసి రాసినవాళ్ళలో మన దేశపు వృక్షశాస్త్రవేత్తలే ముఖ్యులు. ఎక్స్‌లు ఎన్ని ఉన్నా ఒక్క వై ఉంటే దొండ మగదే. చుక్కకూరకి యూరప్‌లో ఉన్న చుట్టం ఒకటి, రూమెక్స్ అసెటోసా, దీనికి విరుద్ధం. అందులో వైలు రెండున్నా లింగాన్ని తేల్చేది అవి కావు. ఎక్స్‌లకీ మామూలు క్రోమోజోములకీ మధ్య నిష్పత్తి తేలుస్తుంది, ఈగల్లో లాగా.

1978లో డెబొరా, బ్రయన్ చార్ల్స్‌వర్త్ దంపతులు ఒక ఊహ చేశారు. ద్విలింగ మొక్క నుంచి ఆడ, మగ విడిపోవాలంటే కనీసం రెండు మార్పులు కావాలి, ఒకటి కేసరాలని చంపేది, ఇంకొకటి అండకోశాన్ని ఆపేది అని. 2017లో ఆస్పరాగస్‌లో, అంటే మన పిల్లిపీచరకి దగ్గర చుట్టంలో, సరిగ్గా అలాంటి రెండు జన్యువులు వై మీద దొరికాయి. అండకోశాన్ని ఆపే జన్యువు దెబ్బతిన్న మగమొక్క ద్విలింగ పూలు పూసింది. అంతకుముందు 2014లో జపాన్‌లో అకాగి బృందం పెర్సిమన్ జాతిలో మరీ విచిత్రమైనది కనిపెట్టింది. మన తునికాకు చెట్టు ఉన్న ప్రజాతే అది. అందులో వై మీద ఉన్న జన్యువు ఏ ప్రొటీనూ తయారుచెయ్యదు. ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కని తయారుచేసి, ఇంకొక క్రోమోజోము మీద ఉన్న, మొగ్గని ఆడదారి పట్టించే జన్యువు నోరు మూయిస్తుంది. ఆ నోరు మూతపడితే మగపువ్వు, మూతపడకపోతే ఆడపువ్వు. బీడీ చుట్టే ఆకు చెట్టుకి అన్నదమ్ముల వరసయ్యే చెట్టులో ఇంత కథ ఉంది!

సమావేశంలో ఈ సంగతులు చెబుతుంటే మా సంఘం పెద్దాయన ఒకరు "మరి చెయ్యారు తాళ్ళ సంగతేమిటండీ?" అన్నారు. తమిళనాడులో తిరువణ్ణామలై జిల్లా చెయ్యారులో వేదపురీశ్వరాలయం ఉంది. అక్కడ స్థలవృక్షం తాడి. ఒక శివభక్తుడు తాళ్ళు నాటితే అన్నీ పోతుతాళ్ళే అయ్యాయనీ, జైనులు ఎగతాళి చేశారనీ, 7వ శతాబ్దపు జ్ఞానసంబంధర్ వచ్చి పదికం పాడగానే అవన్నీ కాయలు కాశాయనీ స్థలపురాణం. ఆ తాళ్ళు ఇప్పుడు లేవు, గింజలూ లేవు. పరీక్షించలేని దాని మీద వాదన పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. పది తాళ్ళు నాటితే పదీ పోతులే కావడానికి అవకాశం 1,024లో ఒకటి అన్న లెక్క మాత్రం చెప్పాను. తాడి పూతకి రావడానికి పన్నెండేళ్ళో పదిహేనేళ్ళో పడుతుంది, అప్పటిదాకా ఏది ఏదో ఎవరికీ తెలియదు. అంత కాలం పెంచినవాడి ఉసూరు నాకు అర్థమవుతుంది. నాకు ఆ కథలో నచ్చని దల్లా పోతుతాడు పనికిరానిదన్న భావన. తెలంగాణలో గీత కార్మికుణ్ణి అడగండి. పోతుతాటి కల్లు వేరు, పండుతాటి కల్లు వేరు, కాలం వేరు, రుచి వేరు అని మీకు గంటసేపు పాఠం చెబుతాడు. ముంజలు కావలసినవాడికే అది గొడ్డుచెట్టు.

ఇప్పుడు మేకు దగ్గరికి వద్దాం. మొక్కల్లో పువ్వు లింగాన్ని బయటినుంచి మార్చడం సాధ్యమేనా? సాధ్యమే. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో హెచ్.వై. మోహన్‌రామ్ ఈ పని చేసి చూపించారు. 1970లో జైస్వాల్‌తో కలిసి మగ గంజాయి మొక్కల మీద ఎథ్రెల్ చల్లి ఆడపూలు పూయించారు. 1982లో సేఠ్‌తో కలిసి ఆడమొక్కల మీద సిల్వర్ నైట్రేట్ వాడి పుప్పొడి ఉన్న మగపూలు పూయించారు. ఎథ్రెల్ నుంచి ఎథిలీన్ వస్తుంది, వెండి ఆ ఎథిలీన్ పనిని అడ్డుకుంటుంది. ఆముదంలో ఆడపూలే పూసే రకాల్లో ఎండ ముదిరితే మగపూలు తొంగిచూస్తాయి. హైబ్రిడ్ విత్తనం చేసేవాళ్ళకి అది నిత్యం తలనొప్పి. కాబట్టి మేకువాళ్ళతో "బయటినుంచి ఏం చేసినా లింగం మారదు" అని వాదించకండి, ఓడిపోతారు. గాయం తగిలిన చెట్టు ఏదో రకంగా స్పందించవచ్చు కూడా. ఎథ్రెల్‌కీ మేకుకీ తేడా ఒక్కటే. ఎథ్రెల్ చల్లిన మొక్కల పక్కన చల్లని మొక్కలు కూడా ఉంచి లెక్కపెట్టారు. మేకు కొట్టిన చెట్టు పక్కన కొట్టని చెట్టు ఏది?

ఇదే మాట మా చిన్నాన్న కొడుకుతో అన్నాను. వాడు రెండెకరాల బొప్పాయి రైతు, మేకు మీద వాడికి సగం నమ్మకం. "ఇరవై పోతుచెట్లు నిలబెట్టు. బొమ్మా బొరుసూ వేసి పదింటికి మేకు కొట్టు, పదింటిని వదిలెయ్. రెండేళ్ళు చూద్దాం. ఖర్చు పది మేకులే" అన్నాను. వాడు నవ్వి, "మేకులు పదే అన్నా, నీళ్ళో? కాయని చెట్టుకి రెండేండ్లు డ్రిప్పు ఎవురు పారిస్తారు? పూత కనపడిన రోజే పీకి పారేస్తాం, పదికి ఒగటి పెట్టుకుంటాం పొప్పొడికి" అన్నాడు.

వాడు నా ప్రయోగాన్ని తిరస్కరించాడు గానీ నాకు కావలసిన జవాబు ఇచ్చేశాడు. తోటలో పోతుచెట్టు అయిదారు నెలలకి మించి బతకదు. మేకు కొట్టినవాడు మాత్రం, కొట్టాడు కాబట్టి, ఫలితం చూద్దామని చెట్టుని ఉంచుతాడు. దాంతో ఏడాది రెండేళ్ళు బతికి, ఋతువులు మారేదాకా నిలిచి, ఎప్పుడో నాలుగు కాయలు కాసే అవకాశం ఉన్న పోతుచెట్లలో ఎక్కువ భాగం మేకు ఉన్నవే. మేకు లేనివి ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. పెరట్లో పట్టించుకోకుండా వదిలేసిన చెట్టు మేకు లేకుండానే కాస్తే దాన్ని ఎవరూ వార్తగా చెప్పరు. లేదా "కిందటేడు చీపురు కట్టాం కదా" అని గుర్తు చేసుకుంటారు. మేకు కొట్టినా కాయనిది? దాన్నీ నరికేస్తారు, మేకు కథ చెప్పడానికి అది మిగలదు. ఇక్కడ ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. నిజాయితీపరులందరూ కలిసి ఒక తప్పు లెక్క తయారుచేస్తున్నారు.

మొదట్లో ఇంట్లోకి వచ్చే ఆలోచన అన్నాను కదా, అది ఇదే. మా బంధువుల్లో ఒకమ్మాయికి ఇద్దరు ఆడపిల్లలు. మూడోసారి నెల తప్పగానే అత్తగారు మగబిడ్డ కోసం ఒక నాటువైద్యుడి దగ్గర మందు తెచ్చి పోయించింది. మగపిల్లవాడు పుట్టాడు. ఆ వైద్యుడి పేరు మూడు వీధులు పాకింది. మందు లేకుండా కూడా సగానికి కాస్త పైగా కాన్పుల్లో మగపిల్లలే పుడతారు కదమ్మా అంటే, ఆవిడ నన్ను జాలిగా చూసింది. మందు తాగినా ఆడపిల్ల పుట్టినవాళ్ళు చెప్పుకోరు. చెప్పుకున్నా పథ్యం తప్పిందనో, వేళ తప్పిందనో తప్పు మళ్ళీ ఆ తల్లి మీదే వేస్తారు. ఈ ఆశ కొత్తది కాదు. గర్భంలో లింగం బయటపడకముందే పుంసవనం చెయ్యాలని చరకసంహిత చెబుతుంది. అందులో గోశాలలో పెరిగిన మర్రి మొగ్గలు వాడతారు. ఆనాటి మనిషికి క్రోమోజోముల సంగతి తెలియదు, ఆయన్ని తప్పు పట్టను. కానీ 1905లో నెట్టీ స్టీవెన్స్, విల్సన్ పురుగుల్లో ఎక్స్, వై లెక్క చూపించి వందేళ్ళు దాటిపోయింది. నెల తప్పిందని తెలిసేసరికి బిడ్డకి ఏ క్రోమోజోములు దక్కాలో అప్పటికే దక్కి ఉంటాయి. పైగా ఈ మందులు ఊరికే పోయేవి కావు. హర్యానాలో చేసిన పరిశోధనల్లో గర్భిణులు వాడిన ఇలాంటి మందులకీ, పిల్లల్లో పుట్టుక లోపాలకీ సంబంధం కనపడింది. మేకు తింటే మాను బతుకుతుంది. గర్భిణికి ఏం తాగిస్తున్నారో ఎవరు చూస్తారు?

ఈ సందర్భంలో మనవాళ్ళు చెప్పే ఒక మాట మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. "వై వచ్చేది తండ్రి నుంచి, కాబట్టి ఆడపిల్ల పుడితే బాధ్యుడు మగవాడే" అని ఉపన్యాసాల్లో చెబుతాం, చప్పట్లు పడతాయి. కోడలి మీద పడే నిందని ఆపడానికి పనికొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ తండ్రి కూడా ఏరి పంపలేదు. ఆడపిల్ల పుట్టడాన్ని నేరంగానే ఉంచి, ముద్దాయిని మాత్రం మారుస్తున్నాం. మా బంధువుల ఇంట్లో ఆ ఇద్దరు ఆడపిల్లలూ పక్కనే కూర్చుని ఈ చర్చంతా విన్నారు.

బొప్పాయి వేసేవాళ్ళకి మేకు కంటే పనికొచ్చే లెక్క ఒకటి ఉంది. నారు దశలో ఏది ఆడో ఏది మగో కంటికి తెలియదు. వేరు వంకర చూసీ, గింజ రంగు చూసీ చెబుతామనే నర్సరీవాళ్ళని నమ్మకండి. ల్యాబులో డీఎన్‌ఏ పరీక్ష చేస్తే తెలుస్తుంది గానీ మొక్కమొక్కకీ చేయించే స్తోమత రైతుకి ఉండదు. కాబట్టి గుంతకి మూడు మొక్కలు పెట్టి, పూత వచ్చాక ఒకటి ఉంచుకోవడమే మార్గం. ఆడ, మగ సగం సగం వచ్చే రకమైతే మూడూ మగవి కావడానికి ఎనిమిదింట ఒక అవకాశం. ద్విలింగ చెట్టు సొంత పుప్పొడితో కట్టిన గింజలైతే మగచెట్లే రావు. మూడూ ఆడవి కావడానికి 27లో ఒక అవకాశం, అప్పుడు కూడా గుండ్రటి కాయలైనా దక్కుతాయి. విత్తనం కొనేటప్పుడు ఏ రకమో అడిగి తెలుసుకోండి.

ఇది చదివేవారిలో ఎవరి పెరట్లోనైనా కాసిన పోతు బొప్పాయి ఉంటే దాన్ని నరక్కండి. కాయలు పండనిచ్చి గింజలు నాటండి. మూడు నాలుగు మొక్కలతో ఏమీ తేలదు, కనీసం వందైనా పూతకి రావాలి. చుట్టుపక్కల ద్విలింగ చెట్లు ఉంటే తేనెటీగలు ఆ పుప్పొడి తెచ్చి లెక్క చెడగొడతాయి. అప్పుడు ఆడ, మగ, ద్విలింగ మూడూ సమానంగా వస్తాయి. అందుకని పూలు విప్పకముందే గుత్తికి గుడ్డసంచి కట్టి, అదే చెట్టు పుప్పొడిని చేత్తో అద్దండి. మగ 67, ఆడ 33కి దగ్గరగా వచ్చిందా, లేక సగం సగం వచ్చిందా నాకు చెప్పండి. మేకు కొట్టిన చెట్టయితే ఆ సంగతి కూడా చెప్పండి.